ఇరవై రెండో రోజు ఉదయం

పేరు వెల్లడించవద్దని కోరిన ఒక పాఠకురాలు ఆరు పేజీల ఉత్తరం రాశారు. ఆమె వయసు 39. ఒక కార్యాలయంలో లెక్కల విభాగంలో 14 ఏళ్లుగా పనిచేస్తున్నారు. ఇంట్లో భర్త, తొమ్మిదేళ్ల కూతురు, వేళకు మందులు ఇవ్వవలసిన మామగారు ఉన్నారు. "రోజులు గడుస్తున్నాయి గానీ, ఎటు పోతున్నానో నాకే తెలియడం లేదు" అన్నది ఆమె బాధ. ఉదయాన్ని చక్కదిద్దుకుంటే జీవితం గురించి స్పష్టత వస్తుందని ఎన్నో వీడియోలలో విని, ఏడాదిలో నాలుగుసార్లు కొత్త దినచర్య మొదలుపెట్టారు. చివరిసారి మరీ పట్టుదలగా మొదలుపెట్టి, 4.30కి అలారం పెట్టుకుని, 20 నిమిషాల ధ్యానం, అరగంట వ్యాయామం, కృతజ్ఞతతో తలచుకోవలసిన పది విషయాలు, పది పేజీల చదువు, లక్ష్యాలు రాసుకోవడం, చన్నీళ్ల స్నానం వంటి తొమ్మిది అంశాల పట్టికను తలుపు వెనక అంటించుకుని, పూర్తయిన ప్రతిదానికీ ఎర్ర సిరాతో టిక్కు పెట్టుకుంటూ వచ్చారు. 21 రోజులు ఒక్క గడి కూడా ఖాళీగా వదలలేదు. 22వ రోజు ఉదయం మంచం అంచున కూర్చుని, "ఇప్పుడు నాకు ఏమైనా తెలిసిందా?" అని తనను తాను ప్రశ్నించుకుంటే, నిద్ర వస్తోందన్న సంగతి తప్ప మరేమీ తెలియలేదట. ఆ రోజుతో మానేశారు. "తెల్లవారకముందే లేచి, ఏడయ్యేసరికి మా మీద విరుచుకుపడుతున్నావు" అని భర్త అన్న మాట ఇంకా గుచ్చుకుంటూనే ఉందని రాశారు. ఆమె అడిగినవి మూడు ప్రశ్నలు: నాలో క్రమశిక్షణ లేదా? సరైన దినచర్య ఏది? స్పష్టత ఎన్నాళ్లకు వస్తుంది?

సంతకం కింద మరో నాలుగు పంక్తులు ఉన్నాయి. రెండు వారాల కిందట కార్యాలయంలో ఆమెకు పదోన్నతి ఇస్తామన్నారు. దానితో పాటు వేరే ఊరికి బదిలీ ఉంటుంది. రెండు నెలల్లో జవాబు చెప్పాలి. ఈ సంగతి ఇంట్లో ఇంకా ఎవరికీ చెప్పలేదు.

మీ ఉత్తరాన్ని నేను రెండుసార్లు చదివాను. మొదటిసారి దినచర్య గురించిన ఉత్తరంలా కనిపించింది. సంతకం కింది పంక్తుల నుంచి వెనక్కి చదివినప్పుడు అది మరో ఉత్తరం అయింది. మీరు ఏడాదిగా వెతుకుతున్న స్పష్టతకూ, రెండు వారాలుగా దాచుకున్న కబురుకూ ఏదో లంకె ఉండి ఉంటుందని నా అనుమానం. అక్కడికి తరువాత వస్తాను. ముందు మీ మొదటి ప్రశ్నను తీసివేద్దాం, ఎందుకంటే అది అనవసరంగా మిమ్మల్ని బాధపెడుతోంది.

21 రోజుల పాటు తొమ్మిది పనులు చొప్పున, అంటే 189 టిక్కులు పెట్టిన మనిషికి క్రమశిక్షణ లేదనడం అన్యాయం. మీకు లోపించినది నిద్ర. రాత్రి పదకొండున్నరకు పడుకుంటానని మీరే రాశారు. 4.30కి లేస్తే మిగిలేది అయిదు గంటలు. పెద్దవారికి కనీసం ఏడు గంటల నిద్ర అవసరమని అమెరికాలోని నిద్రవైద్య నిపుణుల సంఘాలు రెండు కలిసి 2015లో సూచించాయి. మీరు రోజూ రెండు గంటల చొప్పున, మూడు వారాల్లో 42 గంటల నిద్ర పోగొట్టుకున్నారు. పైగా నిద్రలో అన్ని గంటలూ ఒకలాంటివి కావు. గాఢనిద్ర ఎక్కువగా రాత్రి మొదటి భాగంలో వస్తుంది. కలలు ఎక్కువగా వచ్చే దశ, అంటే పగటి ఉద్వేగాలను మనసు సర్దుకోవడానికి తోడ్పడుతుందని పరిశోధకులు భావించే దశ, తెల్లవారుజాము వైపు పొడవుగా సాగుతుంది. మీరు అలారంతో కోసేసినది సరిగ్గా ఆ భాగాన్నే. మనసును తేటపరచుకోవడానికి లేచి, మనసు తనంతట తాను తేటపడే సమయాన్ని కోల్పోయారు. ఏడు గంటలకు ఇంట్లోవారి మీద విరుచుకుపడటంలో మీ స్వభావం పాత్ర కన్నా ఈ లెక్క పాత్ర ఎక్కువ. లెక్కల విభాగంలో పనిచేసేవారు కనుక, ఈ ఖాతాను ఒకసారి మీరే సరిచూసుకోండి.

ధ్యానంలో కూర్చుంటే తల వాలిపోతోందని, అది ఏకాగ్రత లేకపోవడమని రాశారు. నిద్ర లేచిన తరువాత మెదడు పూర్తిగా మేలుకోవడానికి మామూలుగా పావుగంట నుంచి అరగంట పడుతుంది, నిద్ర చాలనివారికి గంట వరకూ పట్టవచ్చు. ఆ మత్తులోనే కళ్లు మూసుకుని కదలకుండా కూర్చుంటే ఎవరికైనా తల వాలుతుంది. అందరికీ ఒకే వేళ నప్పదన్న సంగతి కూడా ఇక్కడ చెప్పుకోవాలి. మన ఒంట్లో ఒక గడియారం ఉంది. దానిని నడిపించే జన్యువుల తీరును వెలికితీసినందుకే 2017లో హాల్, రాస్‌బాష్, యంగ్ అనే ముగ్గురు శాస్త్రవేత్తలకు వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ గడియారం కొందరిలో ముందుగా, కొందరిలో ఆలస్యంగా నడుస్తుంది. అందులో పుట్టుకతో వచ్చిన భాగమూ ఉంది, వయసుతో మారే భాగమూ ఉంది. చీకట్లో లేచేవారందరూ జ్ఞానులు, పొద్దెక్కి లేచేవారు సోమరులు అన్న భావం ఎంత పాతదైనా సరే, నేను దానిని ఒప్పుకోను.

ఇక ఆ 21 రోజుల సంగతి. ఈ అంకె ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తే మీకు కొంత ఉపశమనంగా ఉంటుంది. మాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే ప్లాస్టిక్ సర్జన్, శస్త్రచికిత్స చేయించుకున్నవారు తమ కొత్త ముఖానికి అలవాటు పడటానికి కనీసం 21 రోజులు పడుతోందని గమనించి 1960లో రాశాడు. చేతులు మారుతూ వచ్చేసరికి అందులోని "కనీసం" జారిపోయి, ముఖం కాస్తా సమస్తమైన అలవాట్లకూ విస్తరించింది. అలవాటు ఎన్నాళ్లకు కుదురుతుందన్నది నిజంగా కొలవడానికి లండన్‌లో ఫిలిప్పా లాలీ బృందం 96 మందిని 12 వారాల పాటు గమనించింది. 2009లో వెలువడిన ఆ అధ్యయనంలో నడిమి అంకె 66 రోజులు. తేలికగా అలవాటు పడిన వ్యక్తికి 18 రోజులు చాలగా, అందరికన్నా నెమ్మదిగా సాగినవారికి 254 రోజులు పట్టవచ్చని లెక్క తేలింది. వారికి ఇచ్చినది తొమ్మిది పనులు కాదని గమనించండి. ఒక్కొక్కరు ఒకే ఒక చిన్న పనిని ఎంచుకున్నారు. మధ్యలో ఒక రోజు తప్పినందువల్ల అలవాటు దెబ్బతినలేదన్నది కూడా ఆ అధ్యయనంలో తేలిన విషయమే. మీ పట్టికలో ఖాళీ గడికి చోటే లేకపోయింది.

అలవాటు కుదరడం వేరు, స్పష్టత రావడం వేరు. 66వ రోజున మీకు దొరికేది, పెద్దగా ఆలోచించకుండానే లేచి కూర్చోగలగడం మాత్రమే. అలా కూర్చున్నాక ఏం చేస్తారన్నదే మీ రెండో ప్రశ్నకు మూలం. ఇక్కడ మీ పట్టిక మీద నాకొక ఫిర్యాదు ఉంది. అందులోని ప్రతి పనీ మంచిదే, కానీ వాటిలో ఏ ఒక్కటీ మీరు ఏమీ చేయకుండా ఉండటానికి ఒక్క నిమిషమైనా వదలలేదు. ధ్యానానికి కేటాయించిన 20 నిమిషాల్లో కూడా ఫోనులో ఒక గొంతు మీకు దారి చూపిస్తూనే ఉందని రాశారు. 4.30 నుంచి 6.30 దాకా ఒక పని నుంచి మరో పనికి పరుగులు తీసి, చివర ఎర్ర సిరా అందుకున్నారు. కార్యాలయంలో రోజంతా చేస్తున్నది కూడా ఇదే కదా? కొంచెం కటువుగా అనిపిస్తే మన్నించండి, మీ దినచర్య మీ ఉద్యోగాన్ని తెల్లవారుజాముకు పొడిగించినట్లుగా నాకు కనిపించింది.

ఎరుకతో ఉండటం అంటే ఏమిటో వివరించడం కన్నా చూపించడం తేలిక. రేపు అలారం మోగినప్పుడు మీ చేతిని గమనించండి. కళ్లు ఇంకా తెరుచుకోకముందే అది ఫోను వైపు వెళుతుంది. అలారం ఆపిన బొటనవేలు అక్కడితో ఆగకుండా తెర మీద పైకి జరుగుతుంది. ఆ రెండు కదలికల మధ్య చిటికెడు వ్యవధి ఉంటుంది. ఆ వ్యవధిలో పొట్టలో ఏదో బిగిసినట్లు ఉందా, దవడలు పట్టేశాయా, మొదట తలలోకి వచ్చిన మాట ఏమిటి? దానిని మార్చవద్దు, మంచిదా చెడ్డదా అని తీర్పు చెప్పవద్దు, కేవలం చూడండి. అంతే, దానికి ప్రత్యేకమైన ఆసనమూ అవసరం లేదు, చన్నీళ్లూ అవసరం లేదు. శ్వాసను గమనించమని చెప్పడంలోని ఉద్దేశం కూడా ఇదే. శ్వాస మీద నిలిపిన మనసు పది క్షణాల్లో ఎటో పోతుంది, పోయిందని మీకు తెలుస్తుంది, మళ్లీ తెచ్చుకుంటారు. పోవడాన్ని మీరు ఓటమిగా లెక్క వేశారు. నిజానికి పోయిందని తెలిసిన ఆ క్షణమే సాధన. 1979లో జాన్ కబాట్-జిన్ మాసచూసెట్స్ విశ్వవిద్యాలయ వైద్యకళాశాలలో దీర్ఘకాలిక నొప్పులతో, ఒత్తిడితో బాధపడేవారికి ఈ సాధనను కొన్ని వారాల శిక్షణగా రూపొందించాడు. అది వారికి ఇవ్వజూపినది బాధతో మెలగగలిగే తీరును. ఏ ఉద్యోగంలో చేరాలో, ఏ ఊళ్లో ఉండాలో తేల్చి చెబుతామని ఆ శిక్షణ ఎన్నడూ మాట ఇవ్వలేదు. ఆ మాట ఇచ్చినవి మీరు చూసిన వీడియోలు.

మరైతే ఏం చేయాలి? మీ ముందు నాకు మూడు దారులు కనిపిస్తున్నాయి. మూడింటికీ ఖర్చు ఉంది.

మొదటిది, ఉదయాన్ని కొంతకాలం ముట్టుకోకుండా రాత్రిని సరిచేయడం. పడుకునే వేళను మూడు నాలుగు రోజులకు ఒకసారి పావుగంట చొప్పున ముందుకు జరుపుతూ పోతే, మూడు వారాల్లో పదకొండున్నర నుంచి పదింటికి రావచ్చు. ఒక్కసారిగా జరిపితే ఒళ్లు వినదు, మంచం మీద కళ్లు తెరుచుకుని పడుకోవడమే మిగులుతుంది. సాయంత్రం వెలుతురు తగ్గించుకోవడం, లేచిన వెంటనే ఆరుబయటి వెలుతురులో కాసేపు నిలబడటం ఒంటిలోని గడియారాన్ని ముందుకు జరపడానికి తోడ్పడతాయి. ఈ దారిలో మీరు వదులుకోవలసినది రాత్రి పది నుంచి పదకొండున్నర దాకా ఉన్న సమయం. పాప పడుకున్నాక మీకంటూ మిగిలేది ఆ గంటన్నరేనని మీ ఉత్తరం రెండో పేజీలో రాశారు. అందువల్ల ఇది చెప్పినంత తేలిక కాదు. ఆ గంటన్నర పోయిందన్న లోటు మొదటి పది రోజులు బాగా తెలుస్తుంది.

రెండోది, ఇప్పుడు సహజంగా లేచే 6 గంటలకే లేచి, అందులో 15 నిమిషాలు మాత్రం ఎవరికీ ఇవ్వకుండా ఉంచుకోవడం. మామగారి మందుల వేళ 6.30 అన్నారు కనుక అది సాధ్యమే. ఆ 15 నిమిషాల్లో ఒకే పని. కూర్చోవడం గానీ, రాయడం గానీ, మాట్లాడకుండా నడవడం గానీ. మూడింటిలో ఏది అన్నది మీ ఇష్టం, రెండు మాత్రం వద్దు. ఈ దారిలో ఇబ్బంది ఏమిటంటే, తొమ్మిది పనులు చేసిన మీకు ఇది మరీ అల్పంగా అనిపించి, నాలుగో రోజుకే మరొకటి చేర్చబుద్ధి అవుతుంది. ఆ కోరికను కూడా శ్వాస మీది నుంచి మనసు పోయినప్పుడు చూసినట్లే చూసి ఊరుకోండి.

మూడోది, ఉదయం అన్న పట్టుదలనే వదిలివేయడం. కార్యాలయం నుంచి వచ్చే బస్సులో 40 నిమిషాలు కూర్చుంటానని, ఆ సమయంలో ఎవరూ పలకరించరని మీరు మాటవరసకు రాశారు. నాకు అది మీ ఉత్తరంలోకెల్లా విలువైన సమాచారంగా తోచింది. మీకు అప్పటికే ఒక ఏకాంతం ఉంది, అది సాయంత్రం 6 గంటలకు ఉంది. ఉదయానికి ఉన్న గొప్పతనమల్లా అప్పటికి ఇతరుల అవసరాలు మన మీద ఇంకా వచ్చి పడకపోవడమే. ఆ వెసులుబాటు మరో వేళ దొరికితే అదే మీ ఉదయం. కాకపోతే రోజంతటి అలసట అప్పటికి ఒంట్లో ఉంటుంది, ఫోను చేతిలోనే ఉంటుంది.

మీ స్థానంలో నేనుంటే రెండో దారి పట్టి, మొదటి దారిలోని సగాన్ని దానికి కలుపుకునేవాణ్ని. ఇది నా మొగ్గు మాత్రమే. నేను కూడా ఒకప్పుడు అయిదింటికి లేవడాన్ని గొప్పగా చెప్పుకుని తిరిగి, మధ్యాహ్నం బల్ల మీద తల వాల్చి నిద్రపోయినవాణ్నే. ఇప్పుడు నాకు నిలిచి ఉన్నది ఒక్కటే అలవాటు. ఫోనును రాత్రి వేరే గదిలో పెడతాను, అలారానికి ఒక చిన్న గడియారం కొనుక్కున్నాను.

రాయడాన్ని ఎంచుకుంటే మాత్రం ఒక జాగ్రత్త చెప్పాలి. మీ నోటుబుక్కులో "నేనెందుకు ఇలా ఉన్నాను" అన్న వాక్యం 21 పేజీల్లో 16 చోట్ల కనబడిందని మీరే లెక్కపెట్టి రాశారు. ఇది ఆలోచన కాదు, గానుగ చుట్టూ తిరగడం. "ఎందుకు" అన్న ప్రశ్న మనల్ని మన లోపాల జాబితా దగ్గరకే తిరిగి తిరిగి తీసుకువెళుతుంది. దాని బదులు "ఏమిటి", "ఎప్పుడు", "ఎవరితో" అని అడిగి చూడండి. నిన్న ఏ పని చేస్తున్నప్పుడు గడియారం చూడటం మరిచిపోయాను? ఏ ఫోను వచ్చినప్పుడు ఎత్తబుద్ధి కాలేదు? ఎవరి ముందు మాట మింగాను, ఆ మాట ఏమిటి? ఇలాంటి ప్రశ్నలకు ఒక్కో రోజు జవాబు చిన్నదే. ఇరవై రోజుల జవాబులను ఒకచోట పెట్టి చదివినప్పుడు మాత్రం ఒక ఆకారం కనబడుతుంది. అందువల్ల రోజూ రాసినదాన్ని రోజూ చదవవద్దు. వారానికి ఒకసారి, వెలుతురు ఉన్నప్పుడు చదవండి.

మనసులోని బరువైన విషయాలను రాయడం గురించి జేమ్స్ పెన్నిబేకర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1986లో ప్రచురించిన ప్రయోగం ప్రసిద్ధమైనది. విద్యార్థుల చేత నాలుగు రోజుల పాటు, రోజుకు 15 నిమిషాలు రాయించాడు. తరువాతి నెలల్లో వారికి కొంత మేలు కనిపించింది గానీ, రాసిన వెంటనే మాత్రం వారి మనసు బరువెక్కింది. తరువాతి అధ్యయనాలన్నిటినీ కలిపి చూస్తే ఆ మేలు చిన్నదే. కనుక రాశాక దిగులుగా అనిపిస్తే ఏదో చెడిపోయిందని కంగారు పడకండి, అలాగని రాయగానే మబ్బు విడిపోతుందనీ ఎదురుచూడకండి.

ఒక విషయం సూటిగా అడగాలి. అలారం లేకుండానే మూడింటికో నాలుగింటికో మెలకువ వచ్చి మళ్లీ నిద్ర పట్టకపోవడం, రోజులో ఉదయమే అన్నిటికన్నా భారంగా ఉండటం, ఒకప్పుడు ఇష్టమైనవాటి మీద కూడా ఆసక్తి పోవడం వంటివి రెండు వారాలకు మించి ఉన్నాయా? ఉంటే దినచర్యలను పక్కన పెట్టి వైద్యుల్ని కలవండి. అది కుంగుబాటు కావచ్చు, దానికి చికిత్స ఉంది. మీ ఉత్తరంలో ఆ ఛాయలు నాకు స్పష్టంగా కనబడలేదు, కానీ ఉత్తరంలో అన్నీ కనబడవు.

ఇప్పుడు సంతకం కింది నాలుగు పంక్తులు. ఆ కబురు వచ్చిన నాటికి మీ పట్టిక తలుపు వెనకకు చేరి వారం అయిందని తారీకులను బట్టి తెలుస్తోంది. ఆ తరువాతి రెండు వారాలు తొమ్మిది పనులూ నిష్ఠగా చేశారు, లక్ష్యాలు రాసే గడిలోనూ టిక్కు పెట్టారు. ఆ లక్ష్యాలలో బదిలీ మాట లేదు. ఆ పట్టిక అప్పటి నుంచి మీకు ఒక చాటుగా కూడా పనికి వచ్చిందా అన్నది మీరే ఆలోచించాలి. "స్పష్టత వచ్చాక చెబుతాను" అనుకుని ఉంటారు. కానీ ఇందులో మీకు తెలియనివి చాలావరకు మీ లోపల లేవు. భర్త ఏమంటారో ఆయనను అడిగితేనే తెలుస్తుంది. పాప చదువు, మామగారి వైద్యం అక్కడ ఎలా కుదురుతాయో విచారిస్తేనే తెలుస్తుంది. ఒప్పుకోకపోతే ఇప్పటి స్థానం పదిలంగా ఉంటుందా, మళ్లీ అవకాశం వస్తుందా అన్నది మీ పై అధికారికి తెలుసు. కళ్లు మూసుకుని ఎంతసేపు కూర్చున్నా ఈ జవాబులు రావు. ఆ 15 నిమిషాల్లో రాగలిగినది ఒక్కటి ఉంది: వెళ్లాలని ఉందా, లేదా అన్నప్పుడు ఒళ్లు ఏమంటోందో, భయపడుతున్నది ఊరు మారడానికా, "నాకు వెళ్లాలని ఉంది" అని నోరు తెరిచి చెప్పడానికా అన్నది.

ఇంట్లో ఇప్పుడే చెబితే, మీ మనసు కుదుటపడక ముందే అందరి అభిప్రాయాలూ వచ్చి పడతాయి, మీ గొంతు మీకు వినబడకుండా పోవచ్చు. గడువు దగ్గరపడే దాకా ఆగితే, మీరు తేల్చుకుని చెబుతున్నట్లు అవుతుంది, "ఇన్నాళ్లు దాచావా" అన్న మాట అసలు విషయాన్ని పక్కకు నెట్టేస్తుంది. మధ్యేమార్గంగా, భర్తకు ఒక్కరికే, "ఇలా అడిగారు, నేను ఇంకా ఏమీ అనుకోలేదు, వారం దాకా నన్నేమీ అడగవద్దు" అని చెప్పవచ్చు. ఆ వారం మాట ఆయన నిలబెట్టుకోగలరా లేదా అన్నది మీకే తెలియాలి. విరుచుకుపడుతున్నావన్న ఆయన మాటకు కూడా అప్పుడు ఒక సందర్భం దొరుకుతుంది.

గడువుకు ఇంకా దాదాపు ఆరు వారాలు ఉంది. మొదటి వారం మొత్తం నిద్రకే ఇచ్చినా అయిదు మిగులుతాయి. తలుపు వెనక ఉన్న పట్టికను ఈ రోజే తీసివేయండి. నోటుబుక్కును పారవేయకండి, అందులో వెనక వైపు కాగితాలు ఇంకా ఖాళీగా ఉన్నాయని రాశారు.